ఒక్క నోరు, మూడు లెక్కలు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మర్రిగూడ మండలంలో ఒక ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. మా పాపకు పదకొండేళ్ళు నిండాయి, ఆరో తరగతి. స్కూల్లో పెట్టిన దంత శిబిరంలో ఏడు పళ్ళు పుచ్చాయని చీటీ రాసిచ్చారు. నల్లగొండలో చూపిస్తే ఒక డాక్టర్ ఏడింటికీ సిమెంట్ పెట్టాలి, ముందు నాలుగు పళ్ళు గారగా ఉన్నాయి కాబట్టి వాటికి క్యాపులు వేయాలి అని 34,000 చెప్పారు. భయపడి హైదరాబాద్‌లో మా ఆడపడుచుకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె ఎక్స్‌రే తీసి, ఒక్క పన్నుకే సిమెంట్ కావాలి, రెండింటికి పూత పూస్తే చాలు, మిగతావి ఆరు నెలలు చూద్దాం అన్నారు. మాతో వచ్చిన చిన్నోడికి ఆరో ఏడు నడుస్తోంది. వాడి పాలపన్ను పుచ్చితే ఏదో నీళ్ళలాంటి మందు రాశారు. వారంలో అక్కడ బొగ్గులా నల్లగా అయింది. పన్ను పాడు చేయించుకొచ్చారని మా అత్త ఒకటే గొడవ. దేవరకొండలో మూడో డాక్టర్‌ని అడిగితే ఇవేవీ అక్కర్లేదు, నొప్పి వస్తే రండి అన్నారు. ఎవరి మాట వినాలి? ఇంకో మాట. ఫ్లోరైడ్‌తో పాడైన పళ్ళకు మళ్ళీ ఫ్లోరైడ్ రాస్తామంటున్నారు, అది నాకు అస్సలు మింగుడు పడలేదు. మా ఊరికి ప్రభుత్వం వేసిన భగీరథ మంచినీళ్ళ నల్లా పాపకు మూడేళ్ళప్పుడు వచ్చింది. అంతకుముందు బోరు నీళ్ళే.

జవాబు: టీచరమ్మా, మీ ఉత్తరం చదివి కాస్త సిగ్గేసింది. ఎందుకంటే మీరు చూసొచ్చిన ఆ ముగ్గురు డాక్టర్లూ నేనే. కొత్తగా గడియారం సెంటర్ దగ్గర బోర్డు పెట్టినప్పుడు నేను మీ మొదటి డాక్టర్‌ని. నల్ల మచ్చ కనిపిస్తే చాలు పన్ను కోసే మిషన్ చేతిలోకి వచ్చేది. బయట ఇరవై మంది కూర్చున్న రోజున మూడో డాక్టర్‌ని, "నొప్పి లేదు కదా, పొండి" అని పంపించిన వాళ్ళు ఎంతమందో. రెండో డాక్టర్‌గా మారడానికి నాకు పదిహేనేళ్ళు పట్టింది. కాబట్టి వాళ్ళలో ఒకరు దొంగ, ఒకరు దేవుడు అని నేను చెప్పను. పాప నోరు నేను చూడలేదు కానీ, మీరు రాసినదాన్ని బట్టి హైదరాబాద్ డాక్టరమ్మ లెక్కే సరైనదానికి దగ్గరగా ఉంది. ఎందుకో చెప్తాను. కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

మేం చదువుకునేటప్పుడు ప్రాక్టికల్ పరీక్ష ఇలా ఉండేది. ప్లాస్టర్ దిమ్మెలో బిగించిన ఒక పీకిన దవడ పన్ను చేతికిచ్చేవారు. దాంట్లో గుంత తవ్వాలి. గోడలు నిటారుగా ఉండాలి, అడుగు చదునుగా ఉండాలి, పైన ఇరుకు లోపల కాస్త వెడల్పు ఉండాలి. పుచ్చు చిన్న చుక్కంతే ఉన్నా, పన్ను మీదున్న గాళ్ళన్నీ కలిపి కోయాలి. మా సారు చిన్న అద్దం పెట్టి చూసి, ఒక గాడి వదిలేస్తే మార్కులు కోసేవారు. ఇది మా సారు కనిపెట్టింది కాదు. అమెరికాలో జి.వి.బ్లాక్ అనే మహానుభావుడు వందేళ్ళకు పైబడి క్రితం పెట్టిన రూలు: ఇప్పుడు బాగున్న గాడి కూడా రేపు పుచ్చుతుంది, అందుకే ముందే కోసి నింపెయ్. ఆయన్ని తప్పు పట్టలేం. అప్పటి వెండి సిమెంట్ పన్నుకు అంటుకోదు. వడ్రంగి చెక్కలో గాడి తీసి బిగించినట్టు బిగిస్తేనే నిలబడుతుంది. బిగించాలంటే మంచి పన్నును కూడా కోయక తప్పదు. ఫ్లోరైడ్ పేస్టు అనే మాటే అప్పుడు లేదు.

ఆ తర్వాత రెండు సంగతులు జరిగాయి. 1955లో బ్యూనోకోర్ అనే ఆయన పన్ను పై పొరను కొద్దిగా యాసిడ్‌తో గరుకు చేస్తే ప్లాస్టిక్ లాంటి పదార్థం గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. 1970ల్లో ఇంగ్లండ్‌లో గ్లాస్ అయోనోమర్ అనే సిమెంట్ వచ్చింది. అది పన్నుకు తనంతట తానే అంటుకుంటుంది, పైగా కొంచెం కొంచెంగా ఫ్లోరైడ్ వదులుతుంది. అంటుకునే సిమెంట్ వచ్చాక మంచి పన్నును కోసే పని సగానికి సగం తప్పాలి. 1980ల నడుమ టాంజానియాలో కరెంటు లేని ఊళ్ళలో మిషన్ లేకుండానే, చిన్న చేతి పనిముట్లతో మెత్తబడిన భాగం మాత్రం గీకేసి ఈ సిమెంట్ నింపడం మొదలుపెట్టారు. ఆ పని తర్వాత ప్రపంచమంతా పాకింది. మన తండాల్లో పెట్టే శిబిరాలకు ఇంతకంటే అనువైన పద్ధతి ఇంకోటి లేదని నా అభిప్రాయం. కానీ శిబిరాల్లో జరిగేది లెక్కపెట్టి చీటీ రాయడం వరకే.

ఇవన్నీ డాక్టర్లకు తెలియవా అంటే, తెలుసు. మన దేశంలోనూ బయటా దంత డాక్టర్లను ప్రశ్నలడిగి చేసిన సర్వేలు చాలా ఉన్నాయి. దాదాపు అన్నీ చెప్పేది ఒక్కటే. కాగితం మీద అడిగితే "తక్కువ కోయడం మంచిది" అని టిక్కు పెడతారు. అదే ఎక్స్‌రే చూపించి ఏం చేస్తారని అడిగితే ఒకరు ఆగుదామంటారు, ఒకరు కోద్దామంటారు. మీ అనుభవం కొత్తదేమీ కాదు, అది మా వృత్తి మొత్తానికి ఉన్న జబ్బు.

దీనికి కారణాలున్నాయి, దాచుకోవాల్సిన పని లేదు. ఫిల్లింగ్‌కు ఫీజు ఉంది. పావుగంట కూర్చోబెట్టి, పన్ను ఆరబెట్టి చూసి, "ఇది ఆగింది, కోయొద్దు, ఇలా తోముకోండి" అని చెప్పడానికి ఫీజు లేదు. కుర్చీ లోను, ఏసీ, కాంపౌండర్ జీతం నెలనెలా ఇంట్లో ఆడపిల్లలా పెరుగుతూనే ఉంటాయి. పోనీ చెప్పి పైసలు తీసుకుంటే? ఒకసారి ఒక పెద్దాయన నా ముందే కొడుకుతో, "ఏం జేసిండు? అద్దం బెట్టి సూసిండు, రెండొందలు గుంజిండు" అన్నాడు. మిషన్ గిర్రుమంటేనే వైద్యం జరిగినట్టు లెక్క. ఈ లెక్క రాసింది డాక్టర్ ఒక్కడే కాదు, మనమందరం.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి పైసలు కూడా కాదు, మనసు. లోతైన పుచ్చులో నరం దగ్గర కాస్త మెత్తటి భాగం వదిలేసి పైన గట్టిగా మూసేస్తే, లోపలి క్రిములకు తిండి అందక పుచ్చు ఆగిపోతుందని ఇప్పుడు బాగా రుజువైంది. మొత్తం గీకబోతే నరం బయటపడి రూట్ కెనాల్ దాకా పోవచ్చు. ఇది చదివాను, నమ్మాను. అయినా మొదటిసారి అలా లోపల ఉంచి మూసినప్పుడు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. గుమ్మం కింద చెత్త ఊడ్చి చాప కప్పినట్టు అనిపించింది. ఆ పన్ను ఇప్పటికీ బాగుంది. ఒంటరిగా చిన్న టౌన్‌లో ప్రాక్టీస్ చేసే డాక్టర్‌కి ఆ ధైర్యం ఇచ్చే తోటివాడు పక్కన ఉండడు. తేడా వస్తే పేషెంట్ వచ్చి నిలదీసేది ఆయన్నే. అందుకే పాత అలవాటునే పట్టుకుంటాడు.

ఇక పాప నోటి సంగతి. మన జిల్లా పళ్ళకు ఒక చిక్కుంది, అది తెలియని డాక్టర్ తప్పకుండా తప్పులో కాలేస్తాడు. ఫ్లోరోసిస్ మచ్చ, అంటే నీళ్ళలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల పడే మచ్చ వేరు, పుచ్చు వేరు. రెండూ గోధుమ రంగులో ఉంటాయి, కొన్నిసార్లు రెండిట్లోనూ చిన్న గుంతలుంటాయి. రేపు పొద్దున పాపను కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, పై పెదవి ఎత్తి, మెత్తటి గుడ్డతో ముందు పళ్ళు తడి లేకుండా తుడిచి చూడండి. మచ్చ కుడి పన్ను మీద ఎక్కడుందో ఎడమ పన్ను మీద కూడా అక్కడే, అద్దంలో చూసినట్టు ఉంటే, అడ్డంగా చారలు చారలుగా ఉంటే, వేలితో రాస్తే నున్నగా గట్టిగా తగిలితే అది నీళ్ళ గుర్తు. పుచ్చుకు ఈ జతల పద్ధతి ఉండదు. అది చిగురు అంచున, రెండు పళ్ళ సందున, దవడ పళ్ళ గాళ్ళలో, అంటే తిండి ఇరుక్కుని బ్రష్ అందని చోట మొదలవుతుంది. మొదట్లో గోధుమ రంగు కూడా ఉండదు, సుద్దముక్కలా తెల్లగా, మెరుపు లేకుండా ఉంటుంది. తడి మీద కనిపించదు, ఆరబెడితేనే బయటపడుతుంది. అందుకే గాలి కొట్టి చూడకుండా పుచ్చుల సంఖ్య చెప్పే డాక్టర్ లెక్కను నేను పట్టించుకోను. శిబిరంలో టార్చిలైటుతో నిమిషానికొక పిల్లను చూసి రాసిన ఏడులో ఎన్ని పుచ్చులో, ఎన్ని మన బోరు నీళ్ళో ఎవరికి తెలుసు?

ఇందులో ఒక విచిత్రం ఉంది. "గాళ్ళన్నీ కోసెయ్" అన్న ఆ బ్లాక్ గారే, 1909 నుంచి అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊళ్ళో మెక్‌కే అనే డాక్టర్‌తో కలిసి అచ్చం మన నల్లగొండ పళ్ళలాంటి గోధుమ పళ్ళను పరీక్షించాడు. మచ్చలైతే ఉన్నాయి, కానీ ఆ పళ్ళు అంత తేలిగ్గా పుచ్చడం లేదని వాళ్ళు గమనించారు. కారణం నీళ్ళలోని ఫ్లోరైడ్ అని తేలింది 1931లో, బ్లాక్ పోయిన చాలా ఏళ్ళకు. పేస్టులోకి ఫ్లోరైడ్ వచ్చిన దారి అక్కడే మొదలైంది. అందుకే రూపం బాగాలేని మన పిల్లల పన్ను బలం లేని పన్ను అనుకోకండి. తేలికపాటి మచ్చలున్న పన్నుకు మిషన్ పెట్టాల్సిన అవసరం ఉండదు. మరీ ఎక్కువై పై పొర పెచ్చులూడితే సంగతి వేరు, అప్పుడు అది పుచ్చడానికీ చోటిస్తుంది.

ఈ తేడా నేను నేర్చుకున్న తీరు చెప్తాను. నాంపల్లి మండలం నుంచి ఎనిమిదో తరగతి పిల్లాడొకడు వచ్చాడు. ముందు రెండు పళ్ళ మీద గోధుమ గుంతలు. వాళ్ళ నాయన "ఎట్లన్న జేసి తెల్లగ జెయ్యి సారూ" అన్నాడు. నేను గుంతలు తవ్వి తెల్ల సిమెంట్ పెట్టాను. పిల్లాడు అద్దం చూసుకుని నవ్వాడు, నాకూ గర్వంగానే ఉంది. రెండేళ్ళకు అంచులు పసుపెక్కాయి. ఒకటి ఊడింది. ఫ్లోరోసిస్ పన్ను మీద యాసిడ్ మామూలంత పని చేయదు, ఎక్కువ సేపు ఉంచాలి. ఆ సంగతి నాకప్పటికి తెలియదు. ఊడినదాన్ని ఇంకాస్త తవ్వి మళ్ళీ పెట్టాను. ఇంటర్ రెండో ఏడుకు పన్ను లోపల నరం చచ్చి బూడిద రంగు తిరిగింది, రూట్ కెనాల్ చేసి క్యాపు వేశాను. నా దగ్గరికి వచ్చినప్పుడు ఆ పన్నుకు ఉన్నది రంగు జబ్బే. మిగతాదంతా నేనిచ్చిందే.

మీ పాప ముందు నాలుగు పళ్ళకు క్యాపులు వద్దని చెప్పడానికి అదే కారణం. క్యాపు వేయాలంటే పన్ను చుట్టూ ఒక మిల్లీమీటరుకు పైగా అరగదీయాలి. పదకొండేళ్ళ పిల్లకు పన్ను లోపల నరం గది ఇంకా పెద్దగా ఉంటుంది, చిగురు కూడా తన చోటికి పూర్తిగా చేరదు. ఇప్పుడు వేసిన క్యాపు అంచు రెండు మూడేళ్ళకు బయటపడుతుంది. రంగు కోసం అయితే చిన్న దారులున్నాయి. ప్యూమిస్ అనే సన్నటి రాతిపొడిలో కొద్దిగా యాసిడ్ కలిపి పై పొరను వెంట్రుకవాసి మందాన రుద్దడం ఒకటి. దీన్ని మైక్రో అబ్రేషన్ అంటారు. పైపైన ఉన్న పలచటి మరక అయితే బాగా పోతుంది. ఇంకోటి, రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పలచటి పదార్థాన్ని పన్ను సూక్ష్మ రంధ్రాల్లోకి ఇంకించడం. తెల్ల మచ్చలకు ఇది బాగుంటుంది, ముదురు గోధుమకు అంతంతే. మందు ఖరీదెక్కువ, మన వైపు అన్ని చోట్లా దొరకదు. ఇవి కూడా ఇప్పుడే చేయించాలని లేదు. పాప తనంతట తాను అడిగిందా? లేక చుట్టాలు పెళ్ళి మాటెత్తి భయపెట్టారా? ఉత్తరంలో ఆ సంగతి లేదు, మీరే ఆలోచించుకోండి.

దవడ పళ్ళకు వస్తే, పదకొండేళ్ళకు నోట్లో ఇంకా రెండు మూడు పాల దవడ పళ్ళు మిగిలి ఉండొచ్చు. ఏడింటిలో అవి కూడా లెక్కలో ఉన్నాయేమో అడగండి. కదులుతూ ఉన్నవాటికి సిమెంట్ పెట్టించడం, కూల్చబోయే ఇంటికి సున్నం వేయించడం లాంటిది. ఆ మేరకు దేవరకొండ డాక్టర్ మాట నిజం. ఆరేళ్ళకు వచ్చే నాలుగు పెద్ద దవడ పళ్ళు మాత్రం జీవితాంతం నమలాల్సినవి. వాటి గాళ్ళు లోతుగా, బ్రష్ పోగు కూడా దూరనంత సన్నగా ఉంటాయి. డాక్టరమ్మ పూత అన్నది వాటికే అయి ఉంటుంది, సీలెంట్ అంటారు. కోయడం లేదు, సూది లేదు, పన్ను కడిగి ఆరబెట్టి గాడిలోకి పలచటి పదార్థం పోసి గట్టిపరుస్తారు. ఒక్కో పన్నుకు పది నిమిషాలు. మా బ్లాక్ గారు కోసి నింపమన్న గాడిని కోయకుండానే మూసేయడం అన్నమాట.

రెండు పళ్ళ సందులో మొదలయ్యే పుచ్చు చాలావరకు ఎక్స్‌రేలోనే కనిపిస్తుంది. నీడ పై పొర వరకే ఉంటే మిషన్ పెట్టడానికి కారణం లేదు. పెద్ద పళ్ళలో ఆ పొర దాటడానికి చాలాసార్లు సంవత్సరాలు పడుతుంది, మధ్యలో ఆగిపోయేవి కూడా బోలెడు. తీపి తిన్నప్పుడల్లా నోట్లో పులుపు పుట్టి, పులుపును కొలిచే పిహెచ్ అంకె 5.5 కంటే దిగగానే పన్నులోంచి ఖనిజం కరుగుతుంది. తర్వాత ఉమ్మి దాన్ని మళ్ళీ నింపుతుంది. రోజంతా ఈ ఇచ్చిపుచ్చుకోవడం నడుస్తూనే ఉంటుంది. పై పొర విరిగి నిజమైన రంధ్రం పడేదాకా పుచ్చును వెనక్కి తిప్పొచ్చు. అందుకే మొనదేరిన పుల్లతో గుచ్చి "ఇదిగో ఇరుక్కుంటోంది, పుచ్చే" అని చూపిస్తే ఒప్పుకోకండి. గాడి ఇరుకుగా ఉంటే మంచి పన్నులోనూ ఇరుక్కుంటుంది. పైగా గట్టిగా గుచ్చితే సుద్దలా ఉన్న ఆ పొర అక్కడే చితుకుతుంది, లేని రంధ్రం మనమే చేసినవాళ్ళమవుతాం.

చిన్నోడి నల్ల పన్ను గురించి మీ అత్తగారికి ఇలా చెప్పండి. ఆ మందులో వెండి, ఫ్లోరైడ్ ఉంటాయి. పేరు సిల్వర్ డయమిన్ ఫ్లోరైడ్. వెండి పట్టీలు నల్లబడవూ? అలాగే. పుచ్చి మెత్తబడిన చోటే అది నల్లబడుతుంది, బాగున్న పన్నుకు రంగు పట్టదు. నలుపెక్కి గట్టిపడితే మందు పని చేస్తున్నట్టే. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన అత్యావశ్యక మందుల జాబితాలో దీన్ని చేర్చింది, ఇందాక చెప్పిన గ్లాస్ అయోనోమర్ సిమెంట్‌తో పాటే. కుర్చీలో గట్టిగా పట్టుకుంటే గుక్కపట్టి ఏడ్చే పిల్లలకు సూది, మిషన్ లేకుండా ఒక్క నిమిషంలో అయిపోతుంది. ఒక్కసారి రాసి వదిలేసేది మాత్రం కాదు, ఆరు నెలలకోసారి రాయాలి. తప్పేమైనా జరిగిందంటే, నల్లబడుతుందని రాయకముందే మీకు చెప్పి, ఒప్పుకున్నాక రాయాల్సింది. డాక్టరమ్మ అది మర్చిపోయినట్టున్నారు. వాడిది దవడ పన్ను అయితే తర్వాత దాని మీద స్టీల్ క్యాపు పెట్టించొచ్చు, పాలపన్నే కాబట్టి అరగదీయకుండానే, లోపల సిమెంట్ వేసి నొక్కి కూర్చోబెట్టే పద్ధతి ఉంది. స్కాట్లాండ్‌లో మొదలైంది. రెండు మూడు రోజులు కరిస్తే ఎత్తుగా అనిపిస్తుంది, తర్వాత సర్దుకుంటుంది.

ఇక మీకు మింగుడు పడని ఫ్లోరైడ్. నల్లగొండ తల్లి అడగకపోతే ఇంకెవరు అడుగుతారు ఈ ప్రశ్న! పటిక, సున్నంతో నీళ్ళలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశం బయట కూడా నల్లగొండ టెక్నిక్ అనే పేరు, మన పేరుకు ఆ ఖ్యాతి అలా వచ్చింది. మీ మాటలోనే జవాబుంది: మింగడం. పన్ను దవడ ఎముకలో తయారయ్యే వయసులో కడుపులోకి పోయిన ఫ్లోరైడ్ ఒంట్లో తిరిగి, కట్టుబడి జరుగుతున్న పన్నును చెడగొడుతుంది. ముందు పళ్ళకు మొదటి మూడేళ్ళు మరీ ముఖ్యం, మొత్తం మీద ఎనిమిదేళ్ళ దాకా ఆ ప్రమాదం ఉంటుంది. పాపకు మూడేళ్ళు వచ్చేదాకా బోరు నీళ్ళు తాగించామన్నారు, మచ్చలు ఆ లెక్కకు సరిగ్గా సరిపోతున్నాయి. పన్ను తయారై నోట్లోకి వచ్చాక దానికి కొత్తగా ఫ్లోరోసిస్ రాదు. అప్పుడు పై నుంచి తగిలే ఫ్లోరైడ్, కరిగిన చోట ఖనిజం తిరిగి చేరడానికి సాయపడుతుంది. ఇల్లు కట్టేటప్పుడు ఇటుక సరిగా కాలకపోవడం వేరు, కట్టాక గోడకు సున్నం వేయడం వేరు.

కాబట్టి భయంతో ఫ్లోరైడ్ లేని పేస్టు కొనకండి. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1,000 పిపిఎం, అంటే పది లక్షల పాళ్ళలో వెయ్యి పాళ్ళు దాటకూడదు. పాపకు మామూలు పేస్టు శనగగింజంత, రోజుకు రెండుసార్లు. చిన్నోడికి ఇంకా వెనక పళ్ళు తయారవుతున్నాయి, వాడికీ శనగగింజే ఎక్కువ, కాస్త తగ్గించి మీరే వేసివ్వండి, ఉమ్మేసేదాకా పక్కన నిలబడండి. ఉమ్మేశాక గ్లాసుడు నీళ్ళతో పుక్కిలించకుండా వదిలేస్తే మంచిది. తాగే నీళ్ళు మాత్రం నల్లావే, వంటకు కూడా. భగీరథ నీళ్ళు "సప్పగ ఉన్నయ్" అని ముసలివాళ్ళు బోరుకే పోతున్న ఇళ్ళు నేను చూశాను. మీ ఇంట్లో అదే జరుగుతుంటే చిన్నోడికి ఆపించాల్సింది పేస్టు కాదు, ఆ బిందె.

మూడో డాక్టర్ మాటలో తప్పెక్కడుందంటే, "నొప్పి వస్తే రండి" అన్న దగ్గర. తక్కువ కోయడం అంటే ఏమీ చేయకపోవడం అనుకునేవాళ్ళు మా వాళ్ళలోనూ ఉన్నారు. నొప్పి వచ్చేసరికి పుచ్చు నరం దగ్గరికి చేరి ఉంటుంది, సిమెంట్ దశ దాటిపోయి ఉంటుంది. కోయకుండా ఆగడానికి కూడా పని ఉంది: ఎక్స్‌రే, పూత, ఆరు నెలలకు మళ్ళీ చూసి పోల్చడం. రాత్రి నిద్ర లేపే నొప్పి, చల్లనీళ్ళు తాగాక చాలాసేపు ఉండే జివ్వు, చిగురు మీద చీము పొక్కు, బుగ్గ వాపు, ఇవి ఉంటే మాత్రం ఆరు నెలల మాట పక్కన పెట్టి ఆ రోజే వెళ్ళండి.

మళ్ళీ హైదరాబాద్ పోవాలంటే బస్సు ఛార్జీలు, రోజు కూలీ పోతాయి కాబట్టి, నార్కట్‌పల్లిలో కామినేని డెంటల్ కాలేజీ ఉంది. మహబూబ్‌నగర్ వైపు చుట్టాలుంటే అక్కడ ఎస్‌వీఎస్ డెంటల్ కాలేజీ ఉంది. పిల్లల దంత విభాగం ఎక్కడని అడిగి అక్కడికే వెళ్ళండి. చేసేది స్టూడెంట్లయినా వెనక మేడమో సారో నిలబడి చూస్తారు. టైమ్ ఎక్కువ పడుతుంది, టిఫిన్ కట్టుకుని పొండి. ఎక్కడికి వెళ్ళినా పాత ఎక్స్‌రే తీసుకెళ్ళండి. "ఈ పన్నును ఆరు నెలలు ఇలాగే వదిలితే ఏమవుతుంది?" అని ఒక్కో పన్ను చూపించి అడగండి. పని తెలిసినవారు ఒక్కో పన్నుకు ఒక్కో జవాబు చెప్తారు. అన్నిటికీ కలిపి ఒకే జవాబు వస్తే, అది కోయమనైనా వదిలేయమనైనా, ఇంకొకరిని అడగండి. మొదటి డాక్టర్ దగ్గరికే వెళ్ళి ఇదే మాట అడిగినా తప్పులేదు. మీలాంటివాళ్ళు అడగడం మొదలుపెట్టాకే నేనూ మారాను, పుస్తకం చదివి కాదు.

మీరు అంగన్‌వాడీ టీచర్ కదా, మీ చేతిలో నాకంటే ఎక్కువ నోళ్ళున్నాయి. నెలకోసారి పిల్లల పై పెదవి ఎత్తి, ముందు పళ్ళ చిగురు అంచున సుద్ద గీతలాంటి తెల్ల చార ఉందేమో చూడండి. ఏడాదిన్నర, రెండేళ్ళ పిల్లల్లో అది పుచ్చుకు మొట్టమొదటి ఆనవాలు. ఆ దశలో ఆపితే మిషన్ ముఖమే చూడక్కర్లేదు. బాలామృతం తినిపించాక రెండు గుక్కలు నీళ్ళు తాగించమని తల్లులకు చెప్పండి. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలెవరో మీకే బాగా తెలుసు.

చిన్నోడికి ఆరేళ్ళు రాగానే పాలపళ్ళ వరుస వెనకాల, చిట్టచివర, ఏ పన్నూ ఊడకుండానే ఒక కొత్త పన్ను లేస్తుంది. పాలపన్నే అనుకుని చాలామంది వదిలేస్తారు. అది పూర్తిగా పైకి రావడానికి నెలలు పడుతుంది, అంతవరకు పక్క పళ్ళకంటే కిందుగా ఉండి బ్రష్‌కు అందదు. బ్రష్‌ను బుగ్గ వైపు నుంచి అడ్డంగా పెట్టి దాన్ని ఒక్కదాన్నే తోమాలి. వచ్చే సంక్రాంతి సెలవుల్లో ఒకసారి వాడి నోట్లో వేలు పెట్టి తడిమి చూడండి. తగిలితే పాప పూతకు వెళ్ళిన రోజే వాడికి కూడా వేయించొచ్చేమో అడగండి.